డాక్టరు చదువు కాయితం మీద బాపు వేలిముద్ర

మొన్న మా తమ్ముడి మనవరాలు శ్రావ్య నల్లగొండలో మా ఇంటికి వచ్చింది. ఇంటర్మీడియట్ అయిపోయింది. డాక్టరు చదువుకూ, లా చదువుకూ రెండింటికీ పరీక్షలు రాస్తుందట. కుర్చీలో కాళ్లు ముడుచుకొని కూర్చుని, నేను పెట్టిన మురుకులు ఒక చేత్తో తింటూ, రెండో చేత్తో ఫోనులోనే దరఖాస్తు నింపేసింది. చివర్లో ఒక గడి వచ్చింది. ఆ పిల్ల బొటనవేలు దాని మీద ఠక్కున పడింది. నేను కళ్లద్దాలు సర్దుకొని వంగి చూశాను. పైన రాసినదంతా చదివాను, అర్థం చేసుకున్నాను, ఒప్పుకుంటున్నాను అని ఉంది దాని పక్కన. "ఏం చదివినవే నువ్వు? ఏం ఒప్పుకున్నవ్?" అన్నాను. "గవన్నీ ఎవరు చదువుతరు అమ్మమ్మా, అందరు గట్లనే నొక్కుతరు" అంది. నలభై ఏళ్లు వకీలుగా పనిచేసినదాన్ని, నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ అది నోటిదాకా రాకముందే మా బాపు బొటనవేలు గుర్తొచ్చింది. పదహారేళ్ల వయసులో ఒక దరఖాస్తు మీద ఆ వేలును నేనే పట్టి నొక్కించిన రోజు గుర్తొచ్చింది. మురుకుల డబ్బా ఇంకొంచెం దగ్గరికి జరిపి ఊరుకున్నాను.

మాది పానగల్లు అవతల చిన్న ఊరు. నల్లగొండకు పొద్దున నడిచి వెళ్లి సాయంత్రానికి నడిచి రావచ్చు. గొర్రెల మీద బతికిన ఇల్లు. వాకిట్లో సగం దొడ్డి, మిగిలిన సగంలో మేము. 'పిల్లలు తాగినయా?' అని ఎవరైనా అడిగితే అది మా గురించి కాదు, గొర్రెపిల్లల గురించి. మా గురించి అడగడానికి అంత తీరిక ఎవరికీ ఉండేది కాదు. వానాకాలం మొదలైతే ఇల్లంతా తడిసిన ఉన్ని వాసన. గొంగళ్లు, గోడలు, అన్నం కుండ మీది మూత, నా పుస్తకాల సంచి, అన్నిటిదీ అదే వాసన. నల్లగొండ బళ్లో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కుకు ఓణీ అడ్డం పెట్టుకునేది. మొదట్లో ఏడ్చాను. తర్వాత ఆ పిల్లకు లెక్కల్లో నా నోటుబుక్కు అవసరం పడేసరికి ఆ ఓణీ దానంతట అదే జారిపోయింది. మా అమ్మ మాటలు తక్కువ మనిషి. నడుస్తూ కూడా ఉన్ని వడికేది. పొయ్యి మీద జొన్న గటక ఉడుకుతుంటే ఒక కన్ను దాని మీద, ఒక కన్ను కదురు మీద. ఆ గటకలో చల్ల పోసుకొని తాగి, రొట్టె మూట కట్టుకొని బడికి బయల్దేరేదాన్ని. ఇప్పుడు అదే గటకను పెద్ద హోటళ్లలో గాజు గిన్నెల్లో పోసి ఆరోగ్యమని పెడుతున్నారట. మా అమ్మ వింటే నవ్వకుండా ఉండలేకపోయేది.

అవ్వ అంటే బాపును కన్నతల్లి, ఎల్లవ్వ. చుట్టుపక్కల ఊళ్ల గొర్రెలన్నిటికీ ఆమెదే వైద్యం. ఈనలేక అవస్థ పడుతున్న గొర్రె దగ్గరికి వెళితే, ముందు దూరంగా కూర్చుని చాలాసేపు ఊరికే చూసేది. తర్వాత చేతికి ఆముదం రాసుకొని, గొర్రెతో ముచ్చట పెడుతూ, లోపల అడ్డం తిరిగిన పిల్లను సర్ది బయటికి తీసేది. కాలు విరిగితే వెదురు బద్దలు పెట్టి, గుడ్డు సొనలో ముంచిన పాతగుడ్డ చుట్టేది. ఆ పనులన్నిటికీ గొర్రె తల పట్టుకునేది నేనే. పదేళ్లు నిండేసరికి నా చేయి లోపలికి పంపించి పిల్ల కాళ్లు ఎటున్నాయో చెప్పమనేది. "నీ చెయ్యి సన్నగుంటది బిడ్డా, వణకది. గిది డాక్టరమ్మ చెయ్యి" అంటూ తన కొంగుతో నా చేయి తుడిచేది.

ఆ మాట అవ్వ నోటికి ఊరికే రాలేదు. ఆమె ఒక్కగానొక్క కూతురు, మా మేనత్త, కాన్పు కష్టమైతే ఎడ్లబండిలో నల్లగొండ దవాఖానకు తీసుకెళ్లారు. అక్కడున్నది మగ డాక్టరు. మేనత్త బండి దిగనంది. బతిమాలారు, తిట్టారు, ఏం చేసినా దిగలేదు. బండిని వెనక్కి తిప్పారు. ఇల్లు చేరేసరికి తల్లీ లేదు, బిడ్డా లేదు. నేను పుట్టకముందు జరిగిన సంగతి అది. అవ్వ దాని గురించి ఏడవగా నేను చూడలేదు. ఏ ఇంట్లోనైనా కాన్పు మాట వస్తే మాత్రం లేచి దొడ్లోకి వెళ్లిపోయేది. వచ్చేటప్పుడు నా వైపు చూసి, "మన ఆడోళ్లకు మన ఆడిదే డాక్టరుండాలె" అనేది.

బాపు పేరు మల్లయ్య. మా వాళ్లలో తగాదా వస్తే ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. దొడ్డి పక్కన నల్ల గొంగడి పరిచేవాడు. దాని మీద కూర్చున్నాక అబద్ధం ఆడకూడదని మా ఇళ్లల్లో నమ్మకం. ఆయనది ఒక పద్ధతి. ఇద్దరూ తమ గోడు చెప్పుకున్నాక, "అయిందా? ఇగ ఇప్పుడు నువ్వు వాని దిక్కు మాట్లాడు, వాడు నీ దిక్కు మాట్లాడుతడు" అనేవాడు. ఎదుటివాడి న్యాయం తన నోటితో చెప్పాలి, అదీ మనస్ఫూర్తిగా. తప్పించుకుంటే మళ్లీ మొదటినుంచి. ఒకసారి ఇద్దరన్నదమ్ములు ఒక పొట్టేలు నాదంటే నాదని వచ్చారు. తమ్ముడి తరఫున మాట్లాడబోయిన అన్న, నాలుగు మాటలు చెప్పి మధ్యలో ఆగి, "థూ, వానిదే" అని పంచె దులుపుకొని లేచిపోయాడు. తర్వాత హైదరాబాదులో లా చదివేటప్పుడు, గెలవాలనుకుంటే ముందు ఎదుటి పక్షం వాదన రాసుకోండని మా లెక్చరరు ఏదో కొత్త సంగతి చెప్పినట్టు చెబితే, వెనక బెంచీలో కూర్చుని గర్వంగా నవ్వుకున్నాను. ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకున్నది మా దొడ్డి పక్కన రోజూ జరిగేది.

మా ఊళ్లో మందలన్నీ మేసే ఉమ్మడి భూమి ఉండేది. మా దగ్గర దాన్ని బంచరాయి అంటారు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఊళ్లో పలుకుబడి ఉన్న ఒక ఆసామి మా వాళ్లందరినీ పిలిపించి, ఊరికి గొర్రెల దవాఖాన తెప్పిస్తున్నాను, అర్జీ మీద తలా ఒక వేలిముద్ర వేయండి అన్నాడు. కాయితం ఉర్దూలో ఉంది. గొర్రెలకు దవాఖాన అనేసరికి మా వాళ్లు సంబరపడిపోయి వేళ్లు కడుక్కొని మరీ వేసి వచ్చారు. మొదటి ముద్ర బాపుదే. రెండేళ్లు తిరక్కుండానే బంచరాయి చుట్టూ ముళ్లకంచె పడింది. ఇదేమిటని అడిగితే ఆ కాయితమే తీసి చూపించాడు. ఆ భూమిలో మేత హక్కును మేమందరం ఇష్టపూర్వకంగా వదులుకున్నామని అందులో ఉంది. ఆ ఎండాకాలం నుంచి మా మంద తరిగిపోవడం మొదలైంది. మేత కోసం కృష్ణ ఒడ్డు దాకా తోలుకుపోవడం, పోలేని వాటిని అంగట్లో అమ్ముకోవడం.

వ్యవహారం నల్లగొండ కచేరీకి ఎక్కింది. రొట్టె మూట పట్టుకొని నేనూ బాపు వెంట వెళ్లేదాన్ని. మా తరఫు వకీలు బయట బాపును పక్కకు పిలిచి, ముద్ర నాది కాదను, మిగతాది నేను చూసుకుంటాను అని చెప్పాడు. లోపల జడ్జి కాయితం చూపించి అడిగితే, బాపు వంగి దాన్ని కాసేపు చూశాడు. "నాదే సారూ" అన్నాడు. "ముద్ర నాదే. మీద ఏం రాసిండ్రో నాకు తెల్వది." మొదటి మాటే రాసుకున్నారు. రెండో మాట ఎవరూ రాసుకోలేదు. బయటికి వచ్చాక వకీలు చిరాకుపడితే, బాపు ఆశ్చర్యంగా ఆయన ముఖంలోకి చూసి, "నా యేలును నాది కాదని ఎట్లంట సారూ?" అన్నాడు. కేసు పోయింది. ఆ రోజే నేను వకీలునవుదామని నిర్ణయించుకున్నానని రాస్తే బాగుంటుంది కానీ అది అబద్ధం. ఆ రోజు నాకు ఆకలి ఒక్కటే గుర్తుంది. రాసుకోని ఆ రెండో మాట మాత్రం నాలో ఎక్కడో ఉండిపోయింది. పెరిగేకొద్దీ అది కూడా పెరిగింది.

కేసు పోయాక బాపు ఒక నియమం పెట్టుకున్నాడు. ఏ కాయితమైనా ఇద్దరు చదివి చెప్పాలి, విడివిడిగా. ఆ ఇద్దరికీ ఒకరితో ఒకరికి మాటలు ఉండకూడదు. మాటలుంటే కలిసి మోసం చేస్తారని ఆయన లెక్క. మా ఊరి పోస్టుమాస్టరుకూ, రెవెన్యూ ఉద్యోగం దిగిపోయి ఇంటి దగ్గర ఉంటున్న గిర్దావరుకూ ఏదో బాయి దగ్గరి బాట గొడవలో మాటలు లేవు. ఇద్దరికీ ఇంగ్లీషు వచ్చు, ఉర్దూ వచ్చు. బాపుకు ఇంతకంటే ఏం కావాలి? శిస్తు రసీదు అయినా, పెళ్లి పత్రిక అయినా ముందు ఒకరి దగ్గరికి, తర్వాత ఇంకొకరి దగ్గరికి. ఒక పెళ్లిలో ఆ ఇద్దరూ రాజీపడి పక్కపక్కన భోజనానికి కూర్చుంటే ఊరంతా సంతోషించింది, బాపు ఒక్కడే దిగులుపడ్డాడు. అదృష్టవశాత్తూ నెల తిరక్కుండానే మళ్లీ మాటలు పోయాయి. ఇంత పట్టుదల ఉన్న మనిషి ఒక్కరి విషయంలోనే ఆ నియమం సడలించాడు. నేను హైస్కూలుకు వచ్చాక, నేను చదివితే రెండో మనిషి దగ్గరికి వెళ్లేవాడు కాదు. "నా బిడ్డ సదివితె ఇద్దరు సదివినట్టే" అనేవాడు.

హైస్కూలు చివరి పరీక్షలో సైన్సులో మా బడికి నేనే మొదటిదాన్ని. మా హెడ్మిస్ట్రెస్ కోస్తా నుంచి వచ్చినావిడ, ఖద్దరు చీర, గట్టి మనిషి. నాకు లా చదవాలని ఉందని ఒక్క ఆమెకే చెప్పాను. "ఆడపిల్ల కోర్టులో నిలబడితే కేసెవరిస్తారమ్మా? వైద్యమైతే ఆడవాళ్లు నిన్ను వెతుక్కుంటూ వస్తారు. నీకు సైన్సు వచ్చినట్టు ఇంకెవరికీ రాలేదు" అంది. అని ఊరుకోలేదు. బస్సు దిగి, పొలాల గట్ల మీద నడిచి, మా ఇంటికి వచ్చి, గొంగడి మీద కూర్చుని అదే మాట అందరికీ చెప్పింది. ఆమె మాట తీరు మా వాళ్లకు సగమే అర్థమైంది, డాక్టరు అన్న మాట మాత్రం పూర్తిగా అర్థమైంది. అవ్వ ఆమె రెండు చేతులూ పట్టుకొని వదల్లేదు. ఆ మర్నాటి నుంచి ఊళ్లో నా పేరు బీరమ్మ పోయి డాక్టరమ్మ అయింది. ఒకావిడ నాలుక చాపి చూడమంది. ఇంకొకాయన గేదె పొదుగు వాపు గురించి అడిగాడు. అవ్వ ముఖంలో అంత వెలుగు నేను ఎప్పుడూ చూడలేదు. ఆ వెలుగు చూశాక లా మాట ఇంట్లో ఎత్తలేదు.

హైస్కూలు అయ్యాక కాలేజీలో చేరే పీయూసీ దరఖాస్తు ఇంగ్లీషులో ఉంది. సైన్సు, ఆర్ట్సు అని రెండు గడులు. సైన్సు తీసుకుంటే డాక్టరు చదువుకు దారి. ఆర్ట్సు తీసుకుంటే ఆ దారి మూసుకుపోతుంది, బీయే మీదుగా లాకు వెళ్లవచ్చు. నేను ట్రంకుపెట్టె మీద కాయితం పెట్టుకొని ఆర్ట్సు గడిలో గుర్తు పెట్టాను. మంద దగ్గర నుంచి బాపు వచ్చాడు. కాళ్లు కడుక్కొని, నా పక్కన కూర్చుని, "డాక్టరు సదువు కాయిదమేనా బిడ్డా?" అన్నాడు. "ఊ" అన్నాను. ఆయన బొటనవేలు చాపితే నేనే సిరా పూసి, నేనే కాయితం మీద ఆనించాను. ఆ వేలికి అప్పుడే కడిగిన చల్లదనం ఉంది. వేశాక ఆయన నా తల నిమిరి, "ఇగ అవ్వ ఫికరు తీరింది" అన్నాడు.

మర్నాడు కాలేజీ కిటికీ దగ్గర వరసలో నిలబడ్డాను. గుమాస్తా కాయితమంతా చూసి, వేలిముద్ర దగ్గర వేలు పెట్టి, "దీని కింద, చదివి వినిపించాను అని రాసి నీ సంతకం పెట్టు" అన్నాడు. ముద్ర వేసినవాళ్లకు కాయితంలో ఉన్నది చదివి చెప్పినట్టు ఎవరో ఒకరు సంతకం పెట్టాలి, అది పద్ధతి. కలం తీశాను. ఇంట్లో 'ఊ' అనడానికి నోరు తిరిగింది కానీ, ఆ రెండు మాటలు రాసి కింద నా పేరు పెట్టడానికి చేయి కదల్లేదు. కలానికి మూత మళ్లీ పెట్టేశాను. వెనకవాళ్లు తొందర పెడుతున్నారు. "ఏమ్మా, రాయొస్తలేదా?" అని గుమాస్తా నవ్వాడు. ఇంకొక ఖాళీ దరఖాస్తు ఇవ్వమని అడిగి తీసుకున్నాను. ఎల్లుండే ఆఖరు, ఆ తర్వాత ఇస్తే కుదరదు అన్నాడు. రెండు కాయితాలూ సంచిలో పెట్టుకొని ఇంటిదారి పట్టాను.

ఆ దారిలో ఎంతసేపు నడిచానో గుర్తులేదు. నడుస్తూ నేను పడ్డ సిగ్గే నన్ను వకీలును చేసిందని మాత్రం ఇప్పుడు తెలుస్తోంది. నా దగ్గరికి వచ్చిన ప్రతి మనిషికీ, చదువు వచ్చినా రాకపోయినా, కాయితం మొత్తం రెండుసార్లు చదివి వినిపించాకే ముద్ర వేయించాను. కుర్ర వకీళ్లు నవ్వుకునేవారు. ఒక జడ్జి గడియారం చూపించేవాడు. నా పని నేను చేసుకుపోయాను. మా బంచరాయిని మాత్రం తిరిగి తేలేకపోయాను. నా చేతికి లా పట్టా వచ్చేసరికి అన్ని గడువులూ దాటిపోయాయి. ఇప్పుడు అక్కడ ప్లాట్ల హద్దురాళ్లు, రంగుల జెండాలు. అయితే మా చుట్టుపక్కల ఊళ్లలో నేను నల్లకోటు వేసుకున్న నాటి నుంచి మేత భూమి కాయితం మీద చదవకుండా ఒక్క ముద్ర పడనివ్వలేదు. ఇది గొప్పలు చెప్పుకోవడమే, చెప్పుకుంటాను. నల్లగొండ దవాఖానకు ఆడ డాక్టరు కూడా ఆ తర్వాత కొన్నాళ్లకు వచ్చింది. అవ్వ ఏ రోగమూ లేకుండానే ఆమెను చూడాలని వెళ్లింది. వచ్చి, "మంచిదే. కని చేతులు నీయే మంచిగుంటయి" అంది. ఆ మాట ఇప్పటికీ నాకు కలుక్కుమంటుంది. ఆ రోజుల్లో అక్షరం రాని మా బాపు ఇద్దరి చేత చదివించుకోనిదే వేలు చాపేవాడు కాదు. ఇప్పుడు అందరికీ చదువొచ్చు, అందరూ చదవకుండానే నొక్కుతున్నారు. ఎవరు ముందుకు పోయారో నాకైతే అర్థం కాదు.

నేను ఇల్లు చేరేసరికి దొడ్డి నిండా మనుషులు. అది ఉన్ని కత్తిరించే కాలం. మా చుట్టాలు నాలుగైదు ఇళ్లవాళ్లు వంతుల వారీగా ఒకరి మందకు ఒకరు సాయం వచ్చేవారు. కత్తెరల చప్పుడు, నేల మీద నల్లటి ఉన్ని కుప్పలు. అవ్వ ఒక పక్క కూర్చుని తెగిన చోటల్లా పసుపు అద్దుతోంది. బాపు మోకాళ్ల మధ్య గొర్రెను పట్టుకొని కత్తిరిస్తున్నాడు. ఆయన ముందు నిలబడ్డాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

"బాపూ, నిన్న నువ్వు ముద్ర ఏసిన కాయిదం డాక్టరు సదువుది కాదు. వకీలు సదువుకు పోయే దారిది. నీకు చెప్పకుంట నేనే ఏపిచ్చిన."

కత్తెర ఆగింది. చుట్టూ ఉన్న కత్తెరలన్నీ ఒక్కొక్కటే ఆగాయి. బాపు నా వైపు చూడలేదు. చేతిలో గొర్రె సగమే అయింది, సగం కత్తిరించిన గొర్రెను వదిలే అలవాటు ఆయనకు లేదు. మిగిలిన సగం నెమ్మదిగా, ఎక్కడా చర్మం తెగకుండా పూర్తి చేశాడు. ఆ తర్వాత ఎన్నో తీర్పుల కోసం ఎదురుచూశాను, అంత భయం ఎప్పుడూ పడలేదు. గొర్రెను వదిలి, చేతులు కడుక్కొని, గొంగడి పరిచి అందరినీ పిలిచాడు.

"మల్ల గదే అయింది" అన్నాడు. "అప్పుడు దవాఖాన అని చెప్పి బంచరాయి రాపిచ్చుకున్నరు. ఇప్పుడు డాక్టరు అని చెప్పి వకీలు రాపిచ్చుకున్నది. అప్పుడైతే బయటోడు. ఇప్పుడు నా బిడ్డ."

నేను ఏడవడం మొదలుపెట్టాను. అమ్మ కదురు కింద పెట్టి నా వైపు రాబోయింది. బాపు చేత్తోనే ఆపాడు.

"ఏడ్సుడు తర్వాత. ముందుగాల మాట్లాడు. నీ మాట కాదు, అవ్వ మాట మాట్లాడు. నువ్వు డాక్టరెందుకు కావాలెనో నువ్వే చెప్పు."

ఆ పద్ధతి నాకు తెలుసు. అది నా మీదికి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. కళ్లు తుడుచుకొని మొదలుపెట్టాను. "మా అత్త దవాఖాన దర్వాజ దాక పోయి మర్లొచ్చింది. లోపట ఆడిది ఒక్కతున్నా బండి దిగుతుండె. గిప్పటికి మన ఆడోళ్లు దిగుతలేరు. అవ్వ నాకు చెయ్యి నేర్పింది. పిల్ల ఎట్లున్నదో కండ్లు మూసుకొని చెప్పొస్తది నాకు. గంత నేర్పినంక నేను ఇంకో దిక్కు పోతే, రేపు ఇంకో బండి మర్లొస్తది. గా బండిల ఎవరున్నా నేనే జవాబు చెప్పాలె." అవ్వను గెలిపించడానికి చెప్పిన మాటలు నన్ను నిజంగానే ఓడించాయి. డాక్టరే అవుతాను అని నాలుక మీదికి వచ్చింది.

"ఇగ నువ్వు చెప్పు అవ్వా. అది వకీలెందుకు కావాలెనో" అన్నాడు బాపు.

"నాకేం ఎరుకరా కచేరి ముచ్చట" అంది అవ్వ.

"ఎరుకున్నంతనే చెప్పు."

అవ్వ చేతికంటిన పసుపును గొంగడి మీద పడకుండా కొంగుకు తుడుచుకుంది. "నేను బతికిచ్చిన గొర్రెలు ఏడ మేస్తున్నయి?" అంది మెల్లగా. "ఆముదం పూసుకొని పిల్లను తీసి నిలవెడితి. మేతలేక నా కండ్ల ముంగటనే అంగడికి తోలిండ్రు." తర్వాత ఆమె చెప్పింది బాపుకు తప్ప మా ఇంట్లో ఎవరికీ తెలియదు. "గొర్రెల దవాఖాన అంటే అందరికన్న ముందుగాల సంబురపడ్డది నేను. మల్లిగాడు సోంచాయిస్తుంటే, సదివిపిచ్చుకుంట అంటుంటే, ఏం సదివిపిచ్చుడురా, పోయి యేలేసి రా అని తోలింది నేను. ఇన్నేండ్లు ఎవలకు చెప్పలే. గా దినం గా కాయిదం సదివెటోళ్లు మనింట్ల ఒక్కరున్నా నా నోరు మూపిద్దురు." నా వైపు తిరిగింది. "నాకు డాక్టరు కావాలెనే. సచ్చెదాక కావాలె. కని అంతకన్న ముందుగాల కాయిదం సదివెటోళ్లు కావాలె. పోనియ్యిరా దాన్ని."

బాపు ఆమె మోకాలి మీద ఒక్కసారి చెయ్యి వేసి తీశాడంతే. నేను రెండో దరఖాస్తు అక్కడే, మళ్లీ ఆర్ట్సు గడిలోనే గుర్తు పెట్టి నింపి, పైనుంచి కిందిదాకా అందరి ముందూ గట్టిగా చదివి, తెలుగులో చెప్పాను. చదవడం అయిపోగానే ఆయన కాయితం నా చేతిలోంచి తీసుకొని, చెప్పులు తొడుక్కొని పోస్టాఫీసు వైపు నడిచాడు. అక్కడి నుంచి గిర్దావరు ఇంటికి. ఇద్దరు చదివినట్టే అన్న మాట నా విషయంలో ఇక లేదని అప్పుడు అర్థమైంది. గుండె కోసినట్టయింది. అయినా, అలా నడిచిపోతున్న ఆ వెన్ను చూసి గర్వపడ్డాను కూడా, ఆ రెండూ ఒకేసారి ఎలా కలుగుతాయో ఇప్పటికీ చెప్పలేను.

ఎండ వాలకముందే తిరిగొచ్చాడు. "ఇద్దరు ఒక్కతీరే సదివిండ్రు" అన్నాడు. గొంగడి మీద కూర్చుని నిన్నటి కాయితం కూడా అడిగి తీసుకున్నాడు. దాని మీది ముద్రను, కచేరీలో చూసినట్టే, వంగి కాసేపు చూశాడు.

"జడ్జి ముంగట నా ముద్ర నాది కాదనలే. బంచరాయి పోయింది, అయినా అనలే. గీ ముద్ర మాత్రం నాది కాదు బిడ్డా. ఇది నువ్వేసుకున్నది."

చింపలేదు. మడిచి నా చేతిలో పెట్టాడు. కొత్త కాయితం ముందుకు జరుపుకొని, సిరా తనే పూసుకొని, నా సాయం లేకుండా బొటనవేలును గట్టిగా ఆనించి ఎత్తాడు.

"ఇగో, గిది నాది. ఏ కచేరిల అడిగినా నాదే అని చెప్త."